ఎవులోహియో రొట్టెలు

ఆత్మల పండగ నాడు పోయినవాళ్ళు మధ్యాహ్నం దాకానే మనతో ఉంటారు. ఆ లోపల ఎంతమంది ప్రార్థన చేస్తే వాళ్ళకు తిరుగుదారి అంత సులువు. ప్రార్థన చేసిన ప్రతివాళ్ళకూ సమాధి మీద పరిచిన రొట్టెలు పంచాలి. రొట్టెలు మిగిలాయంటే ఆ మనిషిని తలుచుకునే దిక్కే లేదని ఊరంతా అనుకుంటుంది. మా ఆయన ఎవులోహియో పోయాక ఇదే మొదటి పండగ. నేనూ మా ఆడపడుచు ఫెర్మినా పొయ్యి వదలకుండా కూర్చుని పెద్ద బుట్టెడు కాల్చాం. ఆత్మ ఎక్కి వెళ్ళడానికి నిచ్చెన రొట్టెలు, గుర్రం రొట్టెలు, నడుమ టోపీతో, మీసంతో ఆయన ముఖం దిద్దిన బొమ్మ రొట్టె.

బొలీవియా అంతా తిరిగిన పరదేశుల గుంపు ఒకటి ఆ పొద్దున మా శ్మశానానికే వచ్చింది. వెంట తెచ్చినవాడు మా పక్కవీధి విల్బర్. ఇన్ని సమాధులుండగా బొమ్మ రొట్టె చూసి నా దగ్గరే తిష్ఠ వేశారు. ఒక్కరి నోటా పలకరింపు లేదు. ఒకావిడ నా ముఖం మీదికి కెమెరా తెచ్చి నవ్వమని సైగ చేసింది. మొగుడి సమాధి దగ్గర కూర్చుని నవ్వాలట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రార్థనలు పాడే తొరీబియో తాత భార్యతో వచ్చి, గుంపును చూసి ఆగాడు.

"ఇక్కడేదో సంత జరుగుతున్నట్టుందే. తర్వాత వస్తాలేమ్మా," అని పక్క సమాధికి వెళ్ళిపోయాడు. ఆయన వెనక వచ్చినవాళ్ళూ అటే తిరిగారు.

"విల్బర్, వీళ్ళను తీసుకుపో. నా మనుషులు వెనక్కి పోతున్నారు," అన్నాను.

"ఒక్క ఐదు నిమిషాలు అత్తా. ఎంతో దూరం నుంచి వచ్చారు, పాపం."

"మీ మామ ఇంకా దూరం నుంచి వచ్చాడురా. ఆయన మీద లేని జాలి వీళ్ళ మీదా?"

మేం మాట్లాడుతుండగానే గుంపులో ఒక పొడుగాటివాడు బొమ్మ రొట్టె తీసి తన చెంపకు ఆనించుకుని ఫోటోకు నిలబడ్డాడు. అందరూ పకపకా నవ్వేసరికి ఇంకా హుషారొచ్చి ఎవులోహియో టోపీ కొరికేశాడు. నేను లేచి వాడి చెయ్యి పట్టుకున్నాను. వదిలే ఉద్దేశం నాకు లేదు.

"ఎంతో చెప్పు అత్తా, ఇచ్చేస్తాడు," అన్నాడు విల్బర్.

"అమ్మకానికి పెట్టానా నేను? తిన్నవాడు ప్రార్థన చెయ్యాలి. చెయ్యమను."

"ఆయనకు మన ప్రార్థనలు రావు కదా."

"వాళ్ళమ్మ ఏదో ఒకటి నేర్పే ఉంటుంది. అదే చెప్పమను. మీ మామ సర్దుకుంటాడు."

విల్బర్ వాడి భాషలో చెప్పాడు. వింటుంటే వాడి ముఖం పాలిపోయింది. తన తల మీది టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చుని విల్బర్‌ను ఏదో అడిగాడు.

"మామ పేరు అడుగుతున్నాడు అత్తా."

"పొద్దుటి నుంచి ఆయన ముఖానికి అన్ని వైపులా ఫోటోలు తీసుకున్నారు కదా. పేరు ఇప్పుడు కావలసొచ్చిందా?"

అయినా చెప్పాను. వాడు కళ్ళు మూసుకుని తన భాషలో ఏదో చెప్పుకున్నాడు. ఎవులోహియో పేరు వాడి నోట్లో వంకరపోయింది. తోటివాళ్ళు అదీ ఫోటో తీసుకున్నారు.

ఇంతలో గేటు దగ్గర ఆత్మలను సాగనంపే టపాకాయలు పేలాయి. మధ్యాహ్నమైంది. ఆయన వెళ్ళిపోయాడు.

ప్రార్థన చేశాడు కనక కొరికిన రొట్టె వాడికే ఇచ్చాను. ఆచారం ఆచారమే. మిగతావన్నీ తిరిగి సర్దితే బుట్ట నిండిపోయింది. ఫెర్మినా కళ్ళు తుడుచుకుంది.

"వెనక గేటు నుంచి పోదాం వదినా. ఇంత బుట్టతో అందరి ముందూ ఎలా నడుస్తాం?"

"తప్పయిపోయిందంటున్నాడు అత్తా. తననేం చెయ్యమంటావో చెప్పమంటున్నాడు," అన్నాడు విల్బర్.

"బుట్ట ఎత్తుకోమను."

ఎత్తుకున్నాడు. నేను ఫెర్మినా చెయ్యి పట్టుకుని వెనక గేటు కాదన్నాను. వాడిని ముందు నడవమని పెద్ద గేటు వైపే తీసుకెళ్ళాను, తొరీబియో తాత ముందు నుంచి, అన్ని కుటుంబాల ముందు నుంచి. ఇన్ని రొట్టెలు మిగిలాయేమని దారి పొడుగునా అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకూ బుట్ట మోస్తున్నవాడిని చూపించాను.