ఫోన్ చేయకుండా కలిసే తావు

కోదాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే శ్రీకాంత్‌కు విశ్వం గురించి చాలా తెలుసు. పెళ్లాం గురించి తెలిసింది తక్కువ. ఈ సంగతి మిర్యాలగూడలో నర్సుగా చేస్తున్న ఉమకు మొదటి నుంచీ తెలుసు.

గొడవకు కారణం తలకాయ కూర. ఉమ పుట్టింట్లో వేటపోతును కోస్తే తలకాయ కూర ముందు అల్లుడి విస్తట్లో పడాలి. అది వాళ్ల ఆనవాయితీ. మొన్నటి విందులో మామ యాదయ్య మరిచిపోయి ఎవరో కాంట్రాక్టరుకు వడ్డించాడు. శ్రీకాంత్ విస్తరి ముందు నుంచి లేచాడు.

"ఉన్న తలకాయను వాడుకోరాదు? ఇంకోటెందుకు?" అన్నది ఉమ, పందిరంతా వినేలా.

అతను కోదాడ బస్సెక్కాడు. ఆమె దవాఖాన దగ్గర గది కిరాయికి తీసుకుంది. ముందు ఎవరు ఫోన్ చేస్తే వాళ్లదే తప్పని ఇద్దరికీ గట్టి నమ్మకం. అందుకని ఇద్దరూ బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయారు.

ఆ రోజుల్లోనే ఒకనాడు అతను క్లాసులో పాఠం పక్కన పెట్టి వేరే గ్రహాలవాళ్ల గురించి ఎత్తుకున్నాడు.

"వాళ్ల అడ్రస్ మనకు తెల్వదు, మనది వాళ్లకు తెల్వదు. ముందుగాల మాట్లాడుకోకుంట యాడ కలుస్తరు? ఇద్దరికీ కొట్టొచ్చినట్టు కనవడే చోట. నాకేడ ఇష్టమని కాదు, నేనేడికొస్తనని అవతలోడు అనుకుంటడో గాడికి పోవాలె."

దీవెన అనే పిల్ల లేచింది. "సార్, ఇద్దరూ చెవులు పెట్టుకొని కూసొని, ఎవరూ పిలవకపోతే?"

"అప్పుడు విశ్వంల సప్పుడుండది," అన్నాడు శ్రీకాంత్. చెయ్యి దానంతటదే జేబులో ఫోన్ మీదికి పోయింది.

ఆ ఆదివారం లెక్క వేశాడు. కోదాడకూ మిర్యాలగూడకూ నడుమ హుజూర్‌నగర్. ఫోన్ చేస్తే ఓడినట్టు, అనుకోకుండా ఎదురుపడితే ఓడినట్టు కాదు. బస్టాండు ముందు రేణుకమ్మ హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉల్లిగడ్డలు కొన్నాడు. కోదాడలో ఉల్లిగడ్డలు దొరకవా అంటే ఏం చెప్పాలో మాత్రం ఆలోచించలేదు. ఉమ రాలేదు. తర్వాతి ఆదివారాలూ రాలేదు. ఇంట్లో ఉల్లిగడ్డలు మొలకెత్తాయి.

ఆమె తనలా లెక్కలు వేయదు కదా అని అప్పుడు తోచింది. కాపురం మొదలుపెట్టింది సూర్యాపేటలో, ఆమె మనసు అటే పోతుంది. ఒక ఆదివారం సూర్యాపేట బస్టాండులో పొద్దు గూకే దాకా కూర్చుని వచ్చాడు.

మళ్లీ వారం హుజూర్‌నగర్ పోతే రేణుకమ్మ చాయ్ గ్లాసు ముందు పెట్టింది. "పోయిన ఐతారం ఒకామె నీ లెక్కనే గీడ కూసున్నది సారూ. అంతకుముందు ఐతారాలన్నీ సూర్యాపేటల కూసున్నదంట. గాడ చాయ్ మంచిగుండదన్నది. పోయేటప్పుడు ఉల్లిగడ్డలు కొనుక్కపోయింది."

శ్రీకాంత్‌కు నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. ఫోన్ తీసి ఉమ పేరు దాకా పోయి, మళ్లీ జేబులో వేసుకున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ బలం పెట్టుకుని ఏం చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంతలో సూర్యాపేట పక్కన పెద్దగట్టు జాతర వచ్చింది. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరకు గొర్లు కాసిన ఇంట్లో పుట్టినవాడు పోకుండా ఉండడు. గట్టు కింద ఎవరి వంట తావు వాళ్లకుంటుంది. పోయినసారి మసిబారిన మూడు రాళ్లే ఈసారీ పొయ్యి. జనం లక్షల్లో ఉంటే ఫోన్లు పలకవు. ఉమ పుట్టింటివాళ్ల తావులోనే ఉంటుందని శ్రీకాంత్ ఆఖరి లెక్క వేశాడు. పరువు సంగతి పక్కన పెట్టి అత్తగారివాళ్ల పొయ్యి దగ్గరికి తనే పోయాడు.

యాదయ్య లేచి నిలబడ్డాడు. "పొద్దటి సంది మీ తావులనే ఉన్నది బిడ్డా. నువ్వు గీడికొస్తవేమో ఆగుమన్న. ఇనలే."

జనాన్ని తోసుకుంటూ శ్రీకాంత్ అవతలి పక్కకు నడిచాడు. తమవాళ్లంతా మొక్కు చెల్లించడానికి గట్టెక్కారు. ఉమ ఒక్కతే పొయ్యి ఊదుతోంది. గిన్నెలో తలకాయ ఉడుకుతోంది.

"నేను గీడికే వస్తనని ఎట్ల తెల్సు?" అన్నాడు.

"తెల్వదు," అన్నది తల ఎత్తకుండా. "నువ్వేడికొస్తవో లెక్క జూసుడు ఇడిసిపెట్టిన. మన పొయ్యి కాడికి నేనొచ్చిన."

"తప్పు నాదే ఉమా," అన్నాడు.

"తెల్సు. ఆ ఉల్లిగడ్డలు కొయ్యి."

పొయ్యి పక్కనున్న ఆమె సంచి విప్పాడు. ఒక్కోదానికి వేలెడేసి మొలకలున్నాయి. అతను కత్తి తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఒకరికి పొగ, ఒకరికి ఉల్లిగడ్డ. కళ్లలో నీళ్లెందుకని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.