కొట్టాను అని రాయండి

ఆయనకి చదువు చెప్పడం వచ్చు. ఆ సంగతి ఆయన్ని తిట్టుకునేవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. హైస్కూల్లో ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఊరంతా వ్యాకరణం మాస్టారనే పిలుస్తారు. వారానికి నలభై కొత్త మాటలు బోర్డు మీద రాసి, ఒక్కోదానికి అర్థం, వ్యతిరేక పదం, సొంత వాక్యం రాయించేవాడు. తప్పు రాస్తే బెత్తం. ఆ బెత్తానికి పిల్లలు 'ప్రత్యయం' అని పేరు పెట్టుకున్నారు, ప్రతి జవాబు చివరా వచ్చి తగులుతుంది గనక. ఆయనకి ఆ పేరు తెలుసు. ప్రత్యయమంటే ఏమిటో వీళ్ళకి బాగానే ఎక్కిందని లోలోపల ముచ్చటపడ్డాడు కూడా.

ఆ రోజు తొమ్మిదో తరగతి, రెండో పీరియడ్. మూడో బెంచీలో కూర్చునే సన్నటి పిల్లని లేపి 'మహోన్నతం' విడదీయమన్నాడు.

"మహో... ఉన్నతం సార్. సవర్ణదీర్ఘ సంధి."

క్లాసు గొల్లుమంది. ఆ పిల్లకి భయమేసి, ఏం చెయ్యాలో తోచక తనూ నవ్వింది. ఆ నవ్వే ఆయనకి నషాళానికంటింది. బెత్తం కోసం వెనక్కి తిరిగే ఓపిక కూడా లేకపోయింది. అరచెయ్యి చాపి చెంప మీద ఒక్కటిచ్చాడు. తలుపు విసిరికొట్టినట్టు చప్పుడైంది. పిల్ల పక్కకి ఒరిగి, బెంచీ అంచుకి తల కొట్టుకుని కింద పడింది. ఎడమ చెవిలోంచి సన్నగా రక్తం కారి యూనిఫాం కాలర్ మీదికి దిగింది.

"గుణసంధి," అన్నాడు మాస్టారు ఆయాసపడుతూ. "లే. పదిసార్లు రాయి."

ఆ పిల్ల లేవలేదు. పక్కనున్న ఇద్దరు ఆడపిల్లలు చెరో రెక్కా పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. ఆయన బోర్డు తుడిచి తరవాతి మాట రాశాడు.

మర్నాడు అదే పీరియడ్‌కి పిల్ల అక్క వచ్చింది. ఆమెది వెల్డింగ్ పని. తల్లీ తండ్రీ లేని చెల్లెల్ని పదేళ్ళుగా తనే పెంచుతోంది. చేతులకి తోలు గ్లవుజులు, ఒక చేతిలో మూరెడు ఇనప చువ్వ. షెడ్డులోంచి తిన్నగా వచ్చినట్టుంది, జుట్టులో ఇంకా ఇనప రజను మెరుస్తోంది.

"మా చెల్లిని కొట్టింది నువ్వేనా?"

"ఎవరమ్మా నువ్వు? క్లాసు జరుగుతుంటే..."

మాట పూర్తికాలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీదికొస్తుంటే కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు వెనక బెంచీ దాకా వినపడింది. ఆయన బల్లకింద నక్కాడు. ఆమె బల్లని ఒక్క తన్ను తన్ని తిరగేసింది. సుద్దముక్కలు, కాపీ పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. వీపు మీద, మోకాలి మీద ఎక్కడ దొరికితే అక్కడ బాదింది.

"చెప్పు! ఎన్ని దెబ్బలు కొడితే వస్తుందిరా చదువు? చెప్పు!"

"వద్దు... వద్దమ్మా... ఇంకెప్పుడూ చెయ్యను..."

నోట్లోంచి వచ్చాకగానీ ఆ మాటలు ఎవరివో ఆయనకి తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా పిల్లలు ఆయన ముందు అన్న మాటలవి. ఇద్దరు మాస్టర్లు, ప్యూను కలిసి ఆమెని వెనక్కి లాగేసరికి ఆయన పై పెదవి చీలిపోయి, రెండు పళ్ళు నేల మీద పడి ఉన్నాయి. క్లాసులో ఒక్క పిల్లా ఏడవలేదు, నవ్వలేదు. అందరూ చూస్తూ కూర్చున్నారు.

ఆస్పత్రిలో ఎముక అతికించి కట్టు కట్టారు. కట్టు కడుతూనే డాక్టరు ఇంకో సంగతి చెప్పింది. రెండు వార్డుల అవతల ఆ పిల్లకీ పరీక్ష చేశారు. కర్ణభేరి చినిగిపోయింది, లోపలి నరం దెబ్బతింది. ఎడమ చెవికి వినికిడి ఇక రాదు.

సాయంత్రం పోలీసు రైటరు కాగితాలు పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. హెడ్మాస్టరు కూడా వచ్చాడు. రాసింది రైటరు గట్టిగా చదివాడు.

"తరగతి గదిలో విద్యార్థిని చెవికి దెబ్బ తగిలినది. అందుకు ఆగ్రహించి సదరు విద్యార్థిని అక్క..."

"ఆగండి," అన్నాడు మాస్టారు. పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు. "తగిలినది అంటే? గోడ నడిచొచ్చి తగిలిందా?"

"అదేంటండీ?"

"వాక్యంలో కర్త లేడు. నేను కొట్టాను. అలా రాయండి."

హెడ్మాస్టరు ఆయన చెవి దగ్గరికి వంగాడు. "మాస్టారూ, మతుండే మాట్లాడుతున్నారా? ఉద్యోగం ఊడుతుంది. పిల్లే కళ్ళు తిరిగి పడిందని చెప్పేద్దాం."

"కొట్టాను అని రాయండి," అన్నాడాయన మళ్ళీ. "ఆ పిల్ల అక్క మీద నాకు ఫిర్యాదు లేదు. అదీ రాయండి."

ఎడమచేత్తో వంకర టింకరగా సంతకం పెట్టాడు. వెల్డింగ్ అక్కని రెండురోజులు స్టేషన్లో ఉంచి వదిలేశారు. ఆయన్ని ఆరునెలలు సస్పెండ్ చేశారు.

కట్టు విప్పిన వారానికి ఆయన వెల్డింగ్ షెడ్డుకి వెళ్ళాడు. గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాడు. లోపల అక్క గేటు చట్రం అతుకుతోంది. ఆ పిల్ల ఓ పక్కన డబ్బా మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. అక్క మొహానికున్న అద్దం పైకెత్తి చూసింది. చేతిలో రాడ్డు కింద పెట్టలేదు.

"ఎందుకొచ్చారు?"

"పాపతో ఒక్క మాట చెప్పి పోతానమ్మా."

ఆయన పిల్ల దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా. నన్ను క్షమించు," అన్నాడు. పిల్ల తలెత్తలేదు, పెన్సిలూ ఆగలేదు. కోపం తీరలేదనుకుని ఆయన తల దించుకున్నాడు.

"అటువైపు దానికి వినపడదు," అంది అక్క. "ఇటొచ్చి చెప్పండి."

చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళాడు. అప్పుడే పక్కషెడ్డులో కోత మిషను మొదలైంది. ఆ రొదలో గొంతు చించుకుని, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, ఆ మాట మొదట్నుంచి మళ్ళీ చెప్పాడు.

పిల్ల చటుక్కున వెనక్కి జరిగింది. ఆయన చెయ్యి ఎక్కడుందో చూసుకుంది. ఆ తరవాత ఆయన మొహంలోకి చూసింది.

"విన్నాను సార్," అంది.

క్షమించానని మాత్రం అనలేదు. ఆయన వచ్చేశాడు.

ఆ పిల్ల వేరే బడిలో చేరిపోయింది. మాస్టారు మళ్ళీ ఉద్యోగంలోకొచ్చాడు. విరిగిన చెయ్యి బోర్డు మీద రాయడానికి సరిగ్గా తిరగదు. మాటలు ఆయన చెబుతుంటే పిల్లలే వంతులవారీగా వచ్చి రాస్తారు. క్లాసులో గోల ఎక్కువైంది, ఆయన గొంతు తగ్గింది. ఎవరైనా తప్పు చెబితే ఆయన చెయ్యి ఇప్పటికీ ముందుకు లేస్తుంది. దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, మళ్ళీ చెప్పమంటాడు.