సున్నా రీడింగ్

స్కానింగులో తొమ్మిదో వారమని తేలిన రోజు రేవతి ఇంటికి పోలేదు. గురుగ్రామ్‌లో తాను పనిచేసే ఆసుపత్రికే వెళ్ళి, బేస్‌మెంట్‌లో ఉన్న జానకీదేవి గది తలుపు తట్టింది. ఎక్స్‌రే దగ్గర పనిచేసేవాళ్ళు ఒంటికి పెట్టుకునే బ్యాడ్జిలను బట్టి, ఎవరికి ఎంత రేడియేషన్ తగిలిందో చూసేది ఆవిడే.

రేవతి గుండెకు స్టెంట్లు వేసే గదిలో టెక్నీషియన్. అక్కడ ఎక్స్‌రే ఒక్క ఫొటోతో ఆగదు. డాక్టరు గుండె నాళాల లోపల తీగ నడిపినంతసేపూ పడుతూనే ఉంటుంది.

"కూసో బిడ్డా. తీపి కబురేనా?" చేతిలోని స్కానింగ్ రిపోర్టు చూసి అంది జానకీదేవి. ఆవిడది వరంగల్. "మరి మొఖం అట్ల పెట్టినవేంది?"

"భయంగా ఉంది మేడమ్. లోపల బిడ్డకి ఎంత తగిలిందో మీరే చెప్పాలి."

జానకీదేవి కంప్యూటర్లో చూసి నవ్వింది. "నీ బ్యాడ్జి రీడింగ్ మొన్ననే వచ్చింది. సున్నా అనుకో. గింత మంచి రికార్డు నాకు గూడ లేదు. పో, నిమ్మళంగ నిద్రపో."

రేవతి లేవలేదు.

స్టెంట్ల గదిలో అందరూ పాటించే పద్ధతి ఒకటుంది. ఒంటి మీద ఉండాల్సిన బ్యాడ్జిని ఎక్స్‌రే చేరని సీసపు అద్దం వెనక గదిలో కొక్కేనికి తగిలిస్తారు. రీడింగ్ ఎక్కువొస్తే ఆ మనిషిని అక్కడినుంచి తీసేస్తారు. రేవతిలాంటి కాంట్రాక్టు వాళ్ళనైతే మళ్ళీ పిలవరు. చేరిన రోజే తన ఊరివాడే అయిన సీనియర్ పద్మనాభం చెప్పాడు: "అమ్మాయ్, బ్యాడ్జి చల్లగా ఉంటే ఉద్యోగం చల్లగా ఉంటుంది. ఒళ్ళంటావా, మనది తెనాలి ఒళ్ళు, దానికేం కాదు!" అందరికంటే గట్టిగా నవ్వింది రేవతే.

"అది నా రీడింగ్ కాదు మేడమ్," అంది ఇప్పుడు. "కొక్కేనిది."

జానకీదేవి నవ్వు ఆగిపోయింది. "సీసం ఏప్రాన్ అన్న కట్టినవా?"

"పైది వేసుకునేదాన్ని. నడుం లాగేస్తోందని కింది ముక్క మానేశాను."

"చదువుకున్న పిల్లవు గద! మిమ్మల్ని కాపాడెటందుకు ఇచ్చిన బ్యాడ్జి మీకు పోలీసు లెక్క కనబడ్డదా?" ఆవిడ గొంతు తగ్గించింది. "ఇది కాగితం మీద పెడితే పద్మనాభంతోని మొదలుపెట్టి అందరి రికార్డులు తవ్వుతరు. నీ నౌకరి పోతది. పెట్టకుంటే నేను లెక్క కట్టలేను."

"పెట్టండి మేడమ్."

ఏ కేసులో ఎన్ని నిమిషాలు ఎక్స్‌రే పడిందో మిషన్లో ఉంది. తెలియాల్సింది రేవతి ఎంత దూరంలో నిలబడిందన్నది. మధ్యాహ్నం స్టెంట్ల గది ఖాళీ అయ్యాక ఇద్దరూ టేపుతో వెళ్ళారు. జానకీదేవి టేపు డబ్బాను రోగి పడుకునే బల్ల అంచున పెట్టి పట్టుకుంది.

"యాడ నిలబడుతుంటివి?"

రేవతి టేపు కొస పట్టుకుని, నిలబడమని నేర్పిన చోటికి, గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఆరడుగులు. మంచిదే. ఎప్పటికీ ఆడ్నేనా?"

రేవతి ఒక అంగ ముందుకు వేసింది. మందు సిరంజి అందించేటప్పుడు ఇక్కడ. ఇంకో అంగ వేసింది. ముసలివాళ్ళు చెయ్యి కదిపేస్తే పట్టుకునేది ఇక్కడ. "బేటీ, ఛోడ్నా మత్," అనేవారు. ఆ చెయ్యి ఆమె వదిలేది కాదు.

"గట్ల ఎన్నిసార్లు?"

"తెలియదు మేడమ్."

ఆమె మరో అంగ వేసింది. మరీ పెనుగులాడేవాళ్ళని వంగి పట్టుకునేది ఇక్కడ. పొట్ట బల్ల అంచుకు ఆనింది. జానకీదేవి చేతిలో టేపు మొత్తం చుట్టుకుపోయింది; దూరం సున్నా. ఆవిడ పెన్ను తీసింది గానీ, ఏ అంకె వేయాలో తోచక అలాగే నిలబడిపోయింది.