కెమెరా ఆన్ చేయండి, మేడం

"పూరీలు చల్లగయినయి జ్యోతీ, ఇంకో రెండు వెయ్యి" హాల్లోంచి అన్నాడు మల్లికార్జున్.

జ్యోతిరాణి చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, చేతికి పిండి ఉంది. చక్కెర డబ్బాకు ఆనించిన ఫోన్లో ఆదివారపు శిక్షణ నడుస్తోంది. డిజిటల్ కాలంలో బడిని నిలబెట్టే నాయకత్వం ఎలా ఉండాలో ప్రధానోపాధ్యాయులకూ సీనియర్ టీచర్లకూ హైదరాబాద్ నుంచి ఒక సారు చెబుతున్నాడు. ఆమె రుద్రూర్ దగ్గరి ఒక హైస్కూలుకు ఇన్‌ఛార్జి హెడ్‌మిస్ట్రెస్.

"జ్యోతిరాణి మేడం, కెమెరా ఆన్ చేయండి. నాయకులు కనబడాలి కదా!"

ఆన్ చేసింది. వెనక మూకుడు, నూనె పొగ.

"వంటింట్లోంచా మేడం? కొంచెం సీరియస్‌గా తీసుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తన బళ్లోనే లెక్కలు చెప్పే రవీందర్ సార్. తెరమీద ఆయన తన ఇంట్లో సోఫాలో కూర్చున్నాడు. గాజులున్న చెయ్యి ఒకటి పక్కనుంచి వచ్చి ఆయన ముందు చాయ్ కప్పు పెట్టి, తెరలోంచి తప్పుకుంది. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ముఖం మండింది ఆమెకు. సీరియస్‌గా తీసుకోలేదా తను? పిల్లల ఇళ్లల్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నదమ్ముల చేతికే పోతుంటే, బళ్లో తాళం పడివున్న కంప్యూటర్ గదిని ఆడపిల్లల కోసం బడి వదిలాక తెరిపించింది. దానికి ఇంట్లో ఎన్ని మాటలు పడింది! "ఐదింటికి ఇల్లు జేరని ఆడిది హెడ్‌మాస్టరయితేంది, కలెక్టరయితేంది" అంది అత్త సత్తవ్వ. "గా గంటకు గవర్నమెంట్ జీతం ఇస్తదా?" అన్నాడు మల్లికార్జున్. ఇంటికి పోయే బోధన్ బస్సు తప్పితే ఆ రాత్రి అన్నం ముందు ఆమెతో ఎవరూ మాట్లాడరు. గది మూసేయలేక, తను ఉండలేక, దాన్ని నడపడమంతా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకే నేర్పింది. వాళ్లల్లో హర్షిణి తాళం తీస్తుంది, మిగతావాళ్లు చిన్నపిల్లలకు చెబుతారు, స్వీపర్ దేవవ్వ గడపలో కూర్చుంటుంది. పిల్లల్ని వదిలేసి బస్సెక్కుతున్నానన్న అపరాధ భావం ఆమెను రోజూ ఇల్లుదాకా వెంటాడేది. తను జ్వరంతో మంచం పట్టిన వారం కూడా ఆ గది ఒక్కరోజు మూతపడలేదని తెలిసి, ఏడ్చింది.

"రేపు మీరు లేకపోతే మీరు మొదలుపెట్టింది నడుస్తుందా?" ఫోన్లో సారు అడుగుతున్నాడు. "అలా నడిచేదే సుస్థిరమైన విద్య."

ఆమె మైక్ నొక్కింది. "మా బళ్లో నడుస్తున్నది సార్" అని ఆ గది సంగతి చెప్పింది.

సారు గొంతు మార్చి అన్నాడు. "నిజామాబాద్‌లో వచ్చే వారం నాలుగు రోజుల శిబిరం ఉంది మేడం. రాత్రులు కూడా అక్కడే ఉండాలి. ఈ గది సంగతి అక్కడ మీరే చెప్పాలి. వస్తారా?"

"నిజామాబాద్‌లో నాలుగు రోజులు ఉండాలా సార్?" అందామె.

ఖాళీ ప్లేటుతో మల్లికార్జున్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె మాటలన్నీ విన్నాడు.

"రానని చెప్పు" అన్నాడు. "రవీందర్ సార్ పోతడు తియ్. అమ్మకు షుగర్ గోలీలు ఎవలియ్యాలె? నా టిఫిన్ బాక్స్? నువ్వు లేకపోతే ఈ ఇల్లు నడుస్తదా?"

ఈ మాట ఆమెకు కొత్త కాదు. పెళ్లయిన నాటినుంచీ వింటున్నదే. చుట్టాల ముందు ఆయన ఆ మాటంటే తల వంచుకుని మురిసిపోయేది. పుట్టింట్లో చెప్పుకుని పొంగిపోయింది కూడా. అది మెప్పు కాదని, కాళ్లకు వేసిన బంధమని ఇన్నేళ్లకు ఇప్పుడు, నూనె చేతులతో నిలబడి తెలుసుకుంది. పద్నాలుగేళ్ల పిల్లలకు నేర్పగలిగింది, ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ నేర్పలేదు. నేర్పనివ్వలేదు కూడా.

"వస్తాను సార్" అంది ఫోన్లో.

ఇయర్‌ఫోన్ తీసి భర్త వైపు తిరిగింది.

"నడుస్తదో లేదో, నాక్కూడ సూడాలని ఉంది."