నిలిచిన కారుకు గాలి

షెడ్డులో నిలిపిన పందెం కారు పక్కనున్న గాలిమూతిలోకి, గాలి ఊదే బ్లోయర్ గొట్టం దూర్చి, మోకాలితో అదిమిపట్టి, రెండో చెయ్యి వెనకవైపు చీలికల దగ్గర పెట్టాడు అతను. వేడిగాలి అరచేతికి గట్టిగానే తగిలింది. అంటే లోపల రేడియేటర్ రెక్కల మధ్య ఆకో, టైరు ముక్కో అడ్డం పడలేదన్నమాట.

కారు పరిగెడుతున్నంతసేపూ గాలి తనంతట తానే మూతిలోంచి దూరి, రేడియేటర్‌లోని నీళ్ళ వేడిని లాక్కుని వెనకనుంచి పోతుంది. అప్పుడు అతనితో ఎవరికీ పనిలేదు. ఇంజన్ తిరుగుతూ కారు నిలబడితేనే చిక్కు. గాలి ఆడదు, నీళ్ళు కుతకుత ఉడుకుతాయి. ఆ నిలబడ్డ కాసేపే అతని ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో భార్య తెగ నవ్వేది. "కారుకి విసనకర్ర విసిరేవాణ్ణి కట్టుకున్నానన్నమాట!" అప్పట్లో ఆ నవ్వు అతనికి వీధి చివరివరకూ వినబడేది.

ఇంజన్ల హోరులో, బ్లోయర్ ఊళలో ఏళ్ళు గడిచిపోయాయి. ముందు పిచ్చుకల గోల పోయింది. తరవాత కుక్కర్ కూత. ఆపైన మాటల చివరలు. ఎవరికీ చెప్పలేదు. చెవిటివాణ్ణి కారు పక్కన ఎవరు నిలబెట్టుకుంటారు? పెదాలు చూసి, చేతులు చూసి నెట్టుకొస్తున్నాడు. ఎవరైనా జోకు వేస్తే అందరికంటే ముందు తనే నవ్వుతాడు. ఒక్కోసారి అది జోకు కాదు.

ఇంట్లోనే అసలు కష్టం. భార్య కూరగాయలు తరుగుతూనో, బట్టలు పిండుతూనో వీపు ఇటు పెట్టి మాట్లాడుతుంది. "ఊఁ" అంటాడు. "సరే" అంటాడు. ఈమధ్య ఆ "సరే" వింటే ఆమె మొహం వాడిపోతోంది. ఈ ఉదయం మరీ. స్టవ్ వైపు తిరిగి చాలాసేపు ఏదో చెప్పింది. భుజాలు ఒకసారి పైకి లేచి దిగాయి. అతను బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "సరే, అలాగే కానీ" అన్నాడు. ఆమె గిరుక్కున తిరిగి చూసింది. ఆ చూపు పొద్దుటినుంచీ అతన్ని వదలడం లేదు.

దాని గురించే ఆలోచిస్తూ తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడే హెడ్ మెకానిక్ "గొట్టం తీసెయ్!" అని అరిచాడు.

కారు కదిలింది. గొట్టం మూతిలోనే ఇరుక్కుంది. బ్లోయర్ నేలమీద ఈడ్చుకుపోతూ అతని మోచెయ్యి గీరేసి, గోడకు కొట్టుకుంది. డ్రైవరు బ్రేకు వేసేసరికే గొట్టం అంచు గుచ్చుకుని రేడియేటర్ చిరిగిపోయింది. పచ్చటి నీళ్ళు పొగలు కక్కుతూ నేలంతా పారాయి.

హెడ్ మెకానిక్ వెనకనుంచి తిడుతూ పరుగెత్తుకొచ్చాడు. అతను తిరగలేదు. నీళ్ళకేసే చూస్తున్నాడు. మెకానిక్ చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మెకానిక్ మొహంలో కోపం మెల్లగా జారిపోయింది.

"బాబాయ్, నీకు వినబడట్లేదా?"

ఆ పెదాలను అతను పొల్లుపోకుండా చదివాడు. "లేదురా. చాన్నాళ్ళయింది."

"చక్రం కింద పడుంటే? పిన్నికి ఏం చెప్పుకునేవాణ్ణి?" మెకానిక్ అతని మోచేతికి గుడ్డ చుట్టాడు. "ఇంక కారు దగ్గరికి రావద్దు బాబాయ్. ఇంటికెళ్ళు."

సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాడు. తీరా వీధిలోకి వచ్చాక ఒళ్ళు తేలికపడింది. ఇక దాచాల్సింది లేదు. దారి పొడుగునా భార్యకు చెప్పాల్సిన మాట కూడగట్టుకున్నాడు: 'నువ్వు చెప్పేవి నేను వినక కాదు, వినబడక.'

ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ వచ్చి తాళంచెవి చేతిలో పెట్టింది. ఆవిడ పెదాలకేసి చూశాడు.

"వదిన వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయింది అన్నయ్యగారూ. ఇక అక్కడే ఉంటుందట. పొద్దున మీతో చెప్పిందిగా?"

"ఏమని?"

ఆవిడ వింతగా చూసింది. "నేనుంటే మీకు బరువనిపిస్తే చెప్పండి, వెళ్ళిపోతానందట. మీరు అలాగే కానిమ్మన్నారట. ఒకటే ఏడుపు."

అతను తాళం తీశాడు. లోపల దండెం మీద ఆమె చీరలు లేవు. జేబులోంచి ఫోన్ తీసి ఆమెకు కలిపాడు. ఆమె ఏమన్నా తనకు వినబడదు. తన మాట ఆమెకు వినబడితే చాలు.

వంటింటి గూట్లో ఏదో వెలిగింది. మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో, ఆమె ఫోను. 'ఆయన' అన్న అక్షరాలు చూపిస్తూ, ఏ చప్పుడూ లేకుండా వణుకుతూ, చెక్క అంచువైపు కొద్దికొద్దిగా జరుగుతోంది.