మోచేతి కొలత

డర్బన్ బస్టాండు పక్క మార్కెట్లో ఆవు తలకాయలు ఉడికించి అమ్మే ఆడవాళ్ళు పద్నాలుగు మంది. ఇన్నేళ్ళూ వాళ్ళను తరమడం ఒక్కటే తెలిసిన నగర పెద్దలకు ఎట్టకేలకు బుద్ధి పుట్టింది. గ్యాసు పొయ్యి, కుళాయి, కొవ్వు పోయే కాలువ ఉన్న కొట్లు కట్టించమని ఇంజినీరు గోవెండర్‌ను పంపారు.

అతని కాగితం మీద మాత్రం పది కొట్లే ఉన్నాయి. పాతవాళ్ళకు ముందు ఇస్తారట. మాసిబియా పేరు మొదటిది, మాజోండి పేరు పదకొండోది.

నిజానికి మాసిబియా ఎగిరి గంతేయాలి. పక్కనే పొయ్యి పెట్టి పదేళ్ళుగా ఆమె బేరాలు లాక్కుంటున్న మనిషి మాజోండి. కానీ ఇప్పుడు ఆ మాజోండి తలకాయలు కొట్టే గొడ్డలి కింద పెట్టేసి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఆమె ముగ్గురు పిల్లల బతుకు ఆ కుండలోనే ఉంది. మాజోండి నోరు మూసుకోవడం మాసిబియా ఎన్నడూ చూడలేదు. మాసిబియాకే భయమేసింది.

"నాయనా, ఇంతింత పెద్ద కొట్లు ఎవర్నడిగి గీశావు?" అని ఇంజినీరును నిలదీసింది.

"వంటగదికి అంత ఉండాలని పుస్తకంలో ఉందమ్మా."

"అది రాసినాయన ఎప్పుడైనా తలకాయ కొట్టాడా?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"రండర్రా, గొడ్డళ్ళు పట్టుకుని వరసలో నిలబడండి. మోచేతులు తగలకపోతే చాలు. ఏయ్, పొట్ట బిగబట్టకు, మామూలుగా నిలబడు!" అని మాసిబియా అరిచింది.

ఇంజినీరు టేపు పట్టి కొలిచాడు. ఆ చివర నుంచి ఈ చివరికి పదమూడు మంది పట్టారు. అందరికన్నా చివర లేచిన మాజోండి మిగిలిపోయింది.

"పోనీలే" అంది, నడుముకు కట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ.

"పోనీలే ఏంటే! ఇటు రా" అంది మాసిబియా. " బాబూ, మా ఇద్దరికీ ఒకటే బల్ల రాసుకో. ఒకరు కొడుతుంటే ఒకరు కడుక్కుంటాం."

"నీతోనా? ఒకే బల్ల దగ్గరా?" అంది మాజోండి.

"నాకు మాత్రం సరదానా?"

ఇంజినీరు నవ్వుతూ పది అన్నది కొట్టేసి, పదమూడు కొట్లు, పద్నాలుగు పేర్లు రాసుకున్నాడు.

కొత్త కొట్ల షెడ్డు తెరిచిన రోజు, తినడానికి బారులు తీరిన మగవాళ్ళ ముందే మాజోండి మెత్తటి దవడ ముక్క కోసి, ఉప్పద్ది, మాసిబియా నోట్లో పెట్టింది. అక్కడి ఆచారం ప్రకారం ఇళ్ళలో తలకాయ మాంసం ఆడవాళ్ళు ముట్టరు.

"అది మగాళ్ళు తినేది కదమ్మా!" అన్నాడు ముందు నిలబడ్డ ముసలాయన.

"మీ ఇంట్లో, పెద్దాయనా" అంది మాసిబియా నములుతూ. "ఇది మా కొట్టు."