ఉత్తరంలో లేని మాట

దేవదాసు అద్దం ముందు నిలబడి మూడోసారి దువ్వుకుంటున్నాడు. ఉన్న నాలుగు వెంట్రుకలకీ అంత సేవ అక్కర్లేదు. నూనె మెరిసే నెత్తి, ఉర్లా అనే హిందీ ఊళ్లో ఫ్యాక్టరీ స్టోరులో ముప్పై ఏళ్లు బరువులెత్తి కుంగిన ఎడమ భుజం, మెడ దగ్గర వదులైన తెల్లచొక్కా. జేబులో ఫ్యాక్టరీ నుంచి నిన్న వచ్చిన ఉత్తరం.

పద్నాలుగు నెలల కిందట స్టోరులో రెండు రాగితీగ చుట్టలు మాయమయ్యాయి. తాళంచెవి ఇతని దగ్గరే ఉంటుంది. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఇతన్ని తీగ కరిచింది. ఫ్యాక్టరీవాళ్లు విచారణ పెట్టారు. నింద తొలగేదాకా ప్రభువు బల్లకు దూరంగా ఉండమని తెలుగు చర్చి పెద్దలూ అన్నారు. నెలనెలా మొదటి ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే ఇతను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఉద్యోగం పోయినా అంత కుమిలేవాడు కాదు.

సంఘపెద్ద సూరిబాబు రైల్వేలో హెడ్ క్లర్కు చేసి రిటైరయ్యాడు, ఇంగ్లీషులో దిట్ట. విచారణ ముగిశాక వచ్చే ఉత్తరంలో ఏ మాట ఉండాలో ఆయనే నేర్పాడు: ఎగ్జానరేటెడ్, అంటే నింద పూర్తిగా తొలిగింది. కనీసం అక్విటెడ్, నిర్దోషి. ఐదో తరగతి చదివిన దేవదాసు వాటి అక్షరాలు కంఠతా పట్టాడు. నిన్న వేలు పెట్టి వరసవరసా వెతికితే రెండూ కనబడలేదు. తనకే చదవడం రాలేదనుకున్నాడు.

ఇవాళా మొదటి ఆదివారమే. చర్చి మెట్ల మీద సూరిబాబు కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు.

“నౌకరీ ఉంచారు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చారంతే. సబూత్ దొరకలేదన్నారు, సాక్ష్యం లేదని. అంతేగానీ, నువ్వు బేకసూర్ అని, తప్పు చెయ్యలేదని రాయలేదు, దేవదాసూ.”

“నేను తియ్యలేదన్నా.”

“నాకు తెలుసు. చర్చి కమిటీకి కాగితం కావాలి కదా.”

తెలిసినవాడు ఆ మాటే కమిటీలో చెప్పొచ్చు. ఆ ధైర్యం సూరిబాబుకి ఏ భాషలోనూ లేదు.

లోపల ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచే పళ్లెం దేవదాసుని దాటిపోయింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న అతని భార్య హన్నా తన వంతు ద్రాక్షరసం గ్లాసు తీసుకుంది, తాగలేదు. నర్సుగా పాతికేళ్లు వార్డుల్లో నడిచిన నడకతోనే నడవ దాటి, మగవాళ్ల వైపు వచ్చింది. అందరూ తలలు తిప్పి చూశారు.

“తీసుకోండి. నేనిస్తున్నాను.”

“పెద్దలివ్వాలి హన్నా.”

ఆమె బతిమాలలేదు. చేతిలోది అతని పక్కన పెట్టి వెళ్లిపోయింది.

చివరి ఆశీర్వాదానికి అందరూ లేచారు. దేవదాసు లేవలేదు. గోడకు తల ఆన్చుకుని ఉన్నాడు. హన్నా మళ్లీ వచ్చి నాడి కోసం అతని మణికట్టు పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు. తరవాత అతని కళ్లు మూసింది. సూరిబాబు ఏదో చెప్పబోతే ఆమె వినిపించుకోలేదు.

నలుగురూ కలిసి అతన్ని బయటికి మోసుకెళ్లారు. బెంచీ మీద చిటికెనవేలంత గాజుగ్లాసు, నిండుగా, అలాగే ఉంది.